రెండు సిలిండర్ల స్కూబాకి ఏ వాల్వ్? కార్ట్‌లో వేసే ముందు చెయ్యి వెనక్కి పెట్టి చూడండి

రెండు సిలిండర్లతో డైవ్ చేయాలంటే ఏ వాల్వ్ సెటప్ కొనాలి అని ఎవరిని అడిగినా ఇప్పుడు ఒకటే సమాధానం వస్తుంది: ఐసొలేషన్ మానిఫోల్డ్ తీసుకో, అయిపోతుంది. నేను వాడేది కూడా అదే. బాగుంది, మార్చే ఉద్దేశం కూడా లేదు. అయినా ఆ సమాధానం సగమే కరెక్ట్ అని నా అభిప్రాయం. ఎందుకంటే మానిఫోల్డ్ తనంతట తాను ఏమీ చేయదు. గాలి లీక్ అయితే ఆపాల్సింది మీ చెయ్యి. అది కూడా మెడ వెనకాల, కంటికి కనపడని చోట, కొన్ని సెకన్లలో. ఆ చెయ్యి అక్కడిదాకా వెళ్ళకపోతే మీరు కొన్నది రెండు సిలిండర్లని కలిపే ఖరీదైన ఇత్తడి గొట్టం, అంతే.

ఫోన్లు, వాచ్‌ల మధ్య ఈ గొడవ ఏంటి అనుకోకండి. యాపిల్ వాచ్ అల్ట్రా 40 మీటర్ల వరకు డైవ్ కంప్యూటర్‌గా పనిచేస్తుంది అన్న దగ్గర్నుంచి మన ఫ్రెండ్స్ సర్కిల్‌లో కూడా స్కూబా గేర్ మాటలు మొదలయ్యాయి. ఒకసారి మొదలయ్యాక వాచ్ దగ్గర ఆగదు కదా. నేను బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ అండమాన్‌లో, అప్పటి హావ్‌లాక్, ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో మొదటి కోర్సు చేశా. తర్వాత ఆన్‌సైట్‌కి ఫ్లోరిడా వచ్చా. ఇక్కడ ఉత్తర ఫ్లోరిడాలో నేల కింద సున్నపురాయి గుహలు ఉన్నాయి. వాటినిండా గాజులాంటి నీళ్ళు, ఏడాది పొడుగునా దాదాపు 22 డిగ్రీలు. ఈ రెండు సిలిండర్ల వాల్వ్ గొడవ ఎక్కువగా సాన పెట్టుకున్నది ఇలాంటి చోట్లే. గుహలో ఏదైనా తేడా వస్తే పైకి వెళ్ళిపోవడం కుదరదు. పైన రాయి ఉంటుంది. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాలి, ఉన్న గాలితోనే.

ఇక్కడి చాలా గుహల్లో, వెలుతురు ఆగిపోయే చోట, మృత్యుదేవత బొమ్మ వేసిన బోర్డు కనిపిస్తుంది. ఇక్కడితో ఆగండి, ముందుకి వెళ్ళొద్దు అని. గుహ డైవింగ్ శిక్షణ లేకుండా లోపలికి వెళ్ళి తిరిగి రానివాళ్ళ వల్ల పెట్టిన బోర్డులు అవి. కాబట్టి ఇది చదివి ఎవరూ రెండు సిలిండర్లు కట్టుకుని వెళ్ళిపోకండి. కోర్సు ముందు, కొనడం తర్వాత. కోర్సు చేసేవాళ్ళు కూడా ఏం కొనాలో తేల్చుకోలేక సతమతమవుతారు, ఇది వాళ్ళ కోసం.

అసలు ఏది పాడవుతుంది?

మేం ఆఫీసులో ఏ సిస్టమ్ డిజైన్ చేసినా ముందు అడిగేది ఇదే. ఏది ఫెయిల్ అవుతుంది, ఎంత తరచుగా, అయితే ఎంత పోతుంది. వాల్వ్ కొనేవాళ్ళు ఎక్కువమంది ఈ ప్రశ్న వదిలేసి డైరెక్టుగా ఫీచర్లకి వెళ్ళిపోతారు.

సిలిండర్ మీద పాడయ్యే వాటిలో ఎక్కువ భాగం వాల్వ్ బయట ఉంటాయి. రెగ్యులేటర్ ఫ్రీ ఫ్లో అవుతుంది, అంటే ఊపిరి పీల్చకపోయినా గాలి ఆగకుండా బుసబుసా పోతూ ఉంటుంది. గొట్టం పగులుతుంది. రెగ్యులేటర్ కలిసే చోట ఓ రింగ్ జారుతుంది. వీటన్నిటికీ మందు ఒకటే, ఆ వైపు వాల్వ్ కట్టేయడం. ఇంకో రకం అరుదు, కానీ ఘోరం: వాల్వ్‌కి లోపలి వైపు లీక్. సిలిండర్ మెడ దగ్గర ఓ రింగ్ పోవడం, అమెరికా వాల్వ్‌ల మీద ఉండే బర్స్ట్ డిస్క్ పగలడం, రెండు సిలిండర్లని కలిపే అడ్డగొట్టం సీల్ పోవడం. వీటిని ఏ పక్క వాల్వ్ కట్టినా ఆగవు, ఎందుకంటే లీక్ వాల్వ్‌కి ముందే ఉంది. మన ఇంట్లో కుళాయి కారితే కుళాయి కట్టొచ్చు, గోడలో పైపు పగిలితే కుళాయి కట్టి ఏం లాభం?

ఇప్పుడు సెటప్‌లన్నీ ఈ రెండు రకాల ఫెయిల్యూర్ పక్కన పెట్టి చూడండి.

ఒకే సిలిండర్ మీద రెండు అవుట్‌లెట్లు ఉండే వాల్వ్ ఉంది, హెచ్ వాల్వ్ అని ఒకటి, వై వాల్వ్ అని ఒకటి, ఆకారాన్ని బట్టి పేరు. ఇది డ్యూయల్ సిమ్ ఫోన్ లాంటిది. ఒక నెట్‌వర్క్ పోతే ఇంకోటి ఉంటుంది, కానీ బ్యాటరీ ఒకటే. రెగ్యులేటర్ పాడైతే కాపాడుతుంది. మెడ దగ్గర లీక్ అయితే మొత్తం పోతుంది. రెగ్యులేటర్ గడ్డకట్టే చల్లటి సరస్సుల్లో దీనికి మంచి పేరుంది, గుహకి మాత్రం చాలదు.

రెండు సిలిండర్లని కలపకుండా విడివిడిగా వీపు మీద కట్టుకోవడం ఇంకో పద్ధతి. ఇండిపెండెంట్ ట్విన్స్ అంటారు. ఇది జేబులో రెండు ఫోన్లు పెట్టుకున్నట్టు. ఒకదానికి ఏమైనా రెండోదానికి సంబంధం లేదు, ఏ వాల్వూ కట్టక్కర్లేదు. వినడానికి చాలా సేఫ్. బ్రిటన్‌లో మునిగిన ఓడల దగ్గర డైవ్ చేసేవాళ్ళు చాలాకాలం ఇలాగే చేశారు. కానీ లెక్క దగ్గర దెబ్బ తగులుతుంది. రెండు గేజ్‌లు, రెండు రెగ్యులేటర్లు, రెండు వైపులా ఇంచుమించు సమానంగా వాడుకుంటూ రావాలి కాబట్టి డైవ్ మధ్యలో నోట్లోంచి తీసి మార్చుకుంటూ ఉండాలి. పైగా ఒకవైపు రెగ్యులేటర్ పాడైతే ఆ సిలిండర్‌లో ఎంత గాలి ఉన్నా అది మీకు అందదు. చిన్న ఫెయిల్యూర్‌కి సగం గాలి జరిమానా. అన్నిటికంటే తరచుగా వచ్చేది ఆ చిన్న ఫెయిల్యూరే అని గుర్తుపెట్టుకోండి.

రెండిటినీ అడ్డగొట్టంతో కలిపేస్తే ఆ జరిమానా పోతుంది. కుడి రెగ్యులేటర్ పాడైంది, కుడి వాల్వ్ కట్టేశారు, ఎడమ రెగ్యులేటర్‌తో రెండు సిలిండర్ల గాలీ పీల్చుకోవచ్చు. ఎందుకంటే ఆ వాల్వ్ కట్టేది బయటికి పోయే దారినే, సిలిండర్ గాలి అడ్డగొట్టం మీదుగా పక్కకి వస్తూనే ఉంటుంది. కొత్తవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. వాల్వ్ కడితే సిలిండర్ కూడా బంద్ అయిపోతుంది అనుకుంటారు. కాదు. ఒకసారి కాగితం మీద గీసుకుంటే మళ్ళీ మర్చిపోరు.

ఆ అడ్డగొట్టం మధ్యలో ఇంకో వాల్వ్ పెడితే అదే ఐసొలేటర్. లోపలి వైపు లీక్ అయినప్పుడు మధ్యలో కట్టేస్తే ఒక సిలిండర్ పోతుంది, ఒకటి మిగులుతుంది. లీక్ ఎక్కడో తెలియకపోయినా ముందు మధ్యలో కట్టేస్తే సగం భద్రం, ఆ తర్వాత తాపీగా వెతుక్కోవచ్చు. ముందు ఐసొలేటర్ కట్టాలా, అనుమానం ఉన్న వైపు వాల్వ్ కట్టాలా అన్నదాని మీద కోర్సులు చెప్పేవాళ్ళలోనే రెండు వర్గాలు ఉన్నాయి. మీ కోర్సులో ఏది నేర్పితే అది చెయ్యండి, ఎందుకంటే పక్కనున్న పార్ట్‌నర్ కూడా అదే నేర్చుకుని ఉంటాడు.

స్పెక్స్ ప్రకారం చూస్తే ఐసొలేటర్ గెలిచింది, మ్యాచ్ అయిపోయింది. కానీ అవ్వలేదు.

ఐసొలేటర్ కూడా ఒక ఫెయిల్యూరే

ఏ సిస్టమ్‌లోనైనా కొత్త స్విచ్ పెట్టారంటే, అది తప్పు పొజిషన్‌లో ఉండే అవకాశం కూడా పెట్టినట్టే. ఐసొలేటర్ పూర్తిగా తెరిచి ఉండాలి. ఎవరో కట్టేసి మర్చిపోయారు అనుకోండి. గాలి నింపే షాపులో కావచ్చు, ప్రాక్టీస్ చేశాక కావచ్చు, కారు డిక్కీలో దొర్లినప్పుడు తిరిగిపోయి కావచ్చు.

లెక్క వేద్దాం. మామూలుగా ప్రపంచమంతా దొరికే అల్యూమినియం సిలిండర్, ఏఎల్ 80, లోపలి పరిమాణం 11.1 లీటర్లు. రెండు కలిపి 22.2. 200 బార్‌కి నింపితే సుమారు 4,440 లీటర్ల గాలి. గుహలో రూల్ ఆఫ్ థర్డ్స్ పాటిస్తారు: మూడో వంతు లోపలికి వెళ్ళడానికి, మూడో వంతు తిరిగి రావడానికి, మిగతా మూడో వంతు అనుకోని దానికి. నీటి పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 30 మీటర్ల లోతులో, అక్కడ ఒత్తిడి నాలుగు రెట్లు కాబట్టి, 80 లీటర్లు వాడతాడు. మూడో వంతు అంటే 1,480 లీటర్లు, పద్దెనిమిది నిమిషాల పైచిలుకు. అప్పటికి గేజ్ 133 చూపించాలి, వెనక్కి తిరగాలి.

ఇప్పుడు ఐసొలేటర్ కట్టి ఉంది అనుకోండి. మామూలు అమరికలో నోట్లో ఉండే రెగ్యులేటర్ కుడి పోస్ట్ మీద, గేజ్ ఎడమ పోస్ట్ మీద ఉంటాయి. మీరు పీలుస్తున్నది కుడి సిలిండర్ ఒక్కటే, గేజ్ చూస్తున్నది ఎడమ సిలిండర్‌ని. పది నిమిషాలకి 200. పదిహేను నిమిషాలకి 200. ఇరవైకి కూడా 200. మాకు ఆఫీసులో దీనికి పేరుంది, స్టేల్ క్యాష్. డేటాబేస్‌లో బ్యాలెన్స్ అయిపోతున్నా స్క్రీన్ మీద పాత నంబరే మెరుస్తూ ఉంటుంది. ఇరవై ఏడో నిమిషం దాటాక కుడి సిలిండర్ ఖాళీ, ఊపిరి బిగుసుకుపోతుంది. అదృష్టం బాగుంటే మెడలో ఉన్న రెండో రెగ్యులేటర్ ఎడమ సిలిండర్ నుంచి పనిచేస్తుంది. కానీ మీరు తిరగాల్సిన చోటు దాటి ఎంత లోపలికి వచ్చేశారో అప్పుడు గానీ తెలియదు.

ఇంకా దారుణమైన రకం ఒకటి ఉంది. ఆక్సిజన్ శాతం పెంచిన నైట్రాక్స్ గ్యాస్ నింపేటప్పుడు ఐసొలేటర్ కట్టి ఉంటే రెండు సిలిండర్లలో రెండు రకాల గ్యాస్ ఉండిపోవచ్చు. అనలైజర్ పెట్టి చూసేది సాధారణంగా ఒక వైపే. లోతులో ఆక్సిజన్ ఎక్కువైతే మూర్ఛ వస్తుంది, నీళ్ళలో మూర్ఛ అంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకే ఐసొలేటర్ వాడేవాడు రెండు పోస్ట్‌ల దగ్గరా గ్యాస్ చెక్ చేయాలి అన్నది నా మాట. రెండు నిమిషాల పని. షాపువాడు నవ్వితే నవ్వనివ్వండి.

దీని గురించే ఒక పాత వాదన ఉంది, ఐసొలేటర్ లేని సాదా అడ్డగొట్టమే మేలని. లోపలి లీక్ ఎప్పుడో లక్షలో ఒకసారి, కట్టేసి మర్చిపోవడం మాత్రం మనుషులకి రోజూ జరిగే పని అని వాళ్ళ లాజిక్. లాజిక్ తప్పు అనను. కానీ నేను ఒప్పుకోను. కట్టి ఉన్న ఐసొలేటర్‌ని డైవ్‌కి ముందు చేత్తో పట్టుకుని కనిపెట్టొచ్చు, నీళ్ళలో గేజ్ కదలకపోతే ఐదు నిమిషాల్లో పసిగట్టొచ్చు. పగిలిన బర్స్ట్ డిస్క్‌ని ముందుగా పసిగట్టే మార్గం లేదు. చెక్‌లిస్ట్‌తో ఆగే ప్రమాదాన్ని, ఆగని ప్రమాదాన్ని ఒకే గాటన కట్టకూడదు.

చెక్‌లిస్ట్ అన్నాను కాబట్టి ఇంకో మాట. వాల్వ్ పూర్తిగా తెరిచి పావు తిప్పు వెనక్కి తిప్పమని పాతవాళ్ళు చెప్తుంటారు. నాకు ఆ అలవాటు నచ్చదు. పూర్తిగా కట్టి ఉన్నదాన్ని ఎవరైనా పొరపాటున పావు తిప్పు తెరిచినా చేతికి అదే ఫీలింగ్ వస్తుంది. ఒడ్డున నాలుగు ఊపిర్లు హాయిగా వస్తాయి, లోతుకెళ్ళాక గాలి చాలదు. పూర్తిగా తెరిచి ఉండాలి, లేదా పూర్తిగా కట్టి ఉండాలి. బూలియన్ వేరియబుల్‌కి మూడో వాల్యూ ఎందుకు?

ఇక చెయ్యి సంగతి

ఇప్పటిదాకా చెప్పినదంతా కాగితం మీద పనిచేస్తుంది. నీళ్ళలో పనిచేయాలంటే కుడి చెయ్యి కుడి వాల్వ్‌కి, ఎడమ చెయ్యి ఎడమ వాల్వ్‌కి, ఏదో ఒక చెయ్యి మధ్యలో ఐసొలేటర్‌కి అందాలి. తల వెనకాల, మందపాటి సూట్ వేసుకుని, బోర్లా తేలుతూ, పైకీ కిందికీ కదలకుండా. పైగా ఎడమ వాల్వ్ నాబ్ ఎడమ పక్కకి చూస్తుంది కాబట్టి ఎటు తిప్పితే కట్టినట్టో చేతికి తలకిందులుగా అనిపిస్తుంది. నాబ్‌కి ఎదురుగా నిలబడి చూస్తే గడియారం ముల్లు దిశే రెండిటికీ, కానీ నీళ్ళలో ఎదురుగా ఎవరు నిలబడతారు?

రోజుకి పది గంటలు కీబోర్డ్ ముందు ముడుచుకుని కూర్చునే మన జాతికి భుజాలు అంత తేలిగ్గా తెరుచుకోవు. నాకు కుడి పక్క మొదటి రోజే అందింది. ఎడమ పక్క వేలి కొనలు నాబ్‌ని తాకి ఆగిపోయేవి. ఇన్‌స్ట్రక్టర్ రెండు పనులు చేయించింది. సిలిండర్లని బ్యాండ్లలో ఒక అంగుళం పైకి జరిపింది. రెండో చేత్తో సిలిండర్ అడుగున పట్టుకుని పైకి తోస్తూ అందుకోమంది. అందింది. ఆ అంగుళం ఏ ప్రాడక్ట్ పేజీలోనూ ఉండదు. తర్వాత ఆరు వారాలు ఇంట్లో తలుపు చట్రానికి చెయ్యి ఆనించి స్ట్రెచింగ్. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి, "ఏంట్రా అది, గోడకి బల్లిలా" అంది. దేనికోసమో చెప్పలేదు, చెప్తే ఇంకో గంట కాల్ సాగేది.

మా పెద్దమ్మ కొడుకు జాక్సన్‌విల్‌లో ఉంటాడు. నా కంటే పదేళ్ళు పెద్ద, నా కంటే ముందే డైవింగ్ మొదలుపెట్టాడు, ఇద్దరు పిల్లలు. కేవ్ కోర్సులో చేరుతూ ఐసొలేషన్ మానిఫోల్డ్, స్టీల్ సిలిండర్లు కార్ట్‌లో వేసి నాకు స్క్రీన్‌షాట్ పంపాడు. "ఒరేయ్, నువ్వు వాడేదే కదా, నొక్కేయమంటావా?" అని.

"అన్నయ్యా, ముందు ఎడమ చెయ్యి పైకెత్తి మెడ వెనకాల ముట్టుకో" అన్నా.

అతనికి కాలేజీ రోజుల్లో ఫాస్ట్ బౌలింగ్ వేసిన భుజం. దువ్వుకోవడానికే నొప్పి అంటాడు. వీడియో కాల్‌లో మోచెయ్యి చెవి దాటలేదు.

"అయితే రిమోట్ నాబ్ పెట్టించుకుంటా. కేబుల్ ఉంటుంది, నడుం దగ్గర తిప్పితే పైన ఐసొలేటర్ కట్టుకుంటుందట" అన్నాడు.

అలాంటివి ఉన్నాయి, నిజమే. కానీ దానివల్ల ఒక్క ఐసొలేటరే అందుతుంది, తరచుగా అవసరమయ్యే రెండు పక్క వాల్వ్‌లు అందవు. గైడ్ లైన్ తాడు చుట్టుకోవడానికి ఇంకో కేబుల్ వీపు మీద వేలాడుతుంది. చేత్తో తిప్పినప్పుడు అక్కడ నిజంగా కట్టిందో లేదో వేళ్ళకి తెలియదు. సమస్య భుజంది అయితే దానికి కేబుల్ పెట్టి పరిష్కరించడం నాకు కోడ్‌లో బగ్ ఉంచేసి పైన ట్రై క్యాచ్ పెట్టినట్టు అనిపిస్తుంది.

అతనికి నేను చెప్పింది సైడ్‌మౌంట్. రెండు సిలిండర్లు వీపు మీద కాకుండా చెరో పక్కన, చంకల కింద వేలాడతాయి. బ్రిటన్‌లో నీళ్ళు నిండిన ఇరుకు గుహల్లో దూరడానికి 1960ల్లో మొదలైన పద్ధతి ఇది. వాల్వ్‌లు ఛాతీ దగ్గర, కంటి ముందు ఉంటాయి. భుజం ఎత్తక్కర్లేదు. ఇది కూడా ఇండిపెండెంటే, కాబట్టి రెండు గేజ్‌లు, రెగ్యులేటర్ మార్చుకోవడం తప్పవు. కానీ ఇందాక చెప్పిన సగం గాలి జరిమానా ఇక్కడ కాస్త తగ్గుతుంది. రెగ్యులేటర్ ఫ్రీ ఫ్లో అవుతుంటే ఊపిరి పీల్చేటప్పుడు మాత్రం చేత్తో వాల్వ్ తెరిచి, వెంటనే కట్టేసి, ఆ సిలిండర్ గాలి కూడా వాడుకోవచ్చు. వీపు మీద సిలిండర్లతో అది కలలో మాట.

"కానీ సైడ్‌మౌంట్ అందరూ స్టైల్ కోసం చేస్తారు కదరా" అన్నాడు. కొందరు చేస్తారు. ఎందుకు చేస్తున్నారో మనకెందుకు, వాళ్ళ చెయ్యి వాల్వ్ మీద పడుతోందా లేదా అన్నదే పాయింట్. రెండు వారాలు నాతో మాట్లాడలేదు, తర్వాత సైడ్‌మౌంట్ కోర్సుకి డబ్బు కట్టినట్టు వదిన చెప్పింది.

సైడ్‌మౌంట్‌కి ఇబ్బందులు లేవని కాదు. అల్యూమినియం సిలిండర్లు ఖాళీ అయ్యేకొద్దీ తేలికై అడుగు భాగం పైకి లేస్తుంది, డైవ్ మధ్యలో క్లిప్పులు మార్చుకోవాలి. ఊగే పడవ మీద వేసుకోవడం చిరాకు. భుజం అందేవాడికి, ఎప్పుడూ ఒకే టీమ్‌తో డైవ్ చేసేవాడికి, సొంత సిలిండర్లు ఉన్నవాడికి ఐసొలేషన్ మానిఫోల్డే నా ఓటు. ఒక గేజ్, ఒక లెక్క, పక్కవాడికి గాలి కావాలంటే నోట్లో ఉన్న పొడుగు గొట్టం రెగ్యులేటర్ ఇచ్చేయడం, అంతే. కంగారులో తక్కువ ఆలోచన ఉన్న సెటప్ మంచిది.

కొనేవాళ్ళు చూడాల్సినవి

కనెక్షన్ డిన్ తీసుకోండి, ఇందులో చర్చ లేదు. యోక్ రకంలో రెగ్యులేటర్ బిగించే చట్రం వాల్వ్‌ని బయటినుంచి పట్టుకుంటుంది, గుహ కప్పుకి తగిలితే జరగొచ్చు, ఓ రింగ్ పోవచ్చు. డిన్‌లో రెగ్యులేటర్ మరలా వాల్వ్ లోపలికి దిగుతుంది, ఓ రింగ్ లోపల బందీ. యోక్ పరిమితి 232 బార్, డిన్‌లో 300 బార్ రకం కూడా ఉంది.

సిలిండర్ మెడ మర విషయంలో మాత్రం జాగ్రత్త. యూరప్ సిలిండర్లకి ఎక్కువగా ఎం 25 మర, అమెరికా అల్యూమినియం సిలిండర్లకి ముప్పావు అంగుళం మర. రెండూ చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. ఒకదాంట్లో ఇంకోటి కొంతవరకు బిగిసినట్టు అనిపించి, గాలి నింపేటప్పుడు ఒత్తిడికి వాల్వ్ బుల్లెట్‌లా ఎగిరిపోయే ప్రమాదం ఉంది. సెకండ్ హ్యాండ్‌లో సిలిండర్లు ఒకచోట, మానిఫోల్డ్ ఇంకోచోట కొని ఇంట్లో బిగించే ఐడియా ఉంటే ఇప్పుడే మానేయండి. మర మీద, సిలిండర్ మీద ముద్ర చదివి, బిగించే పని తెలిసినవాళ్ళ చేత చేయించండి. రెండు సిలిండర్ల మధ్య దూరం, బ్యాండ్ల కొలత, మానిఫోల్డ్ కొలత, ఈ మూడూ ఒకటి కావాలి. ఏఎల్ 80 వ్యాసం 184 మిల్లీమీటర్లు, లావు స్టీల్ సిలిండర్లవి 203 దాకా ఉంటాయి, కాబట్టి బ్యాండ్లు అటూ ఇటూ మార్చుకోవడం కుదరదు.

నాబ్‌లు మెత్తటి రబ్బరువి నాకు ఇష్టం. గట్టి ప్లాస్టిక్‌వి రాయికి కొట్టుకుంటే పగలొచ్చు, నాబ్ లేని వాల్వ్‌ని వేళ్ళతో తిప్పలేరు. రబ్బరుకి పట్టు ఎక్కువ కాబట్టి గుహ కప్పుకి రాసుకుంటే తిరిగిపోతుంది అని ఒక విమర్శ ఉంది, న్యాయమైనదే. ముందుకి ఈదుతూ కప్పుకి రాసుకుంటే ఎడమ నాబ్ కట్టుకునే వైపు తిరుగుతుంది, కుడిది తెరుచుకునే వైపు. ఆపదలో పక్కవాడికి ఇచ్చే, రెండు మీటర్ల పైచిలుకు పొడుగు గొట్టం ఉన్న రెగ్యులేటర్‌ని కుడి పోస్ట్ మీద పెట్టడానికి ఇదొక కారణం. ఇరుకు చోటు దాటిన ప్రతిసారీ ఎడమ చెయ్యి ఒకసారి వెనక్కి వెళ్ళి రావాలి. చూశారా, మళ్ళీ చెయ్యి దగ్గరికే వచ్చాం.

ఇండియా నుంచి అడిగేవాళ్ళకి. అండమాన్‌లోనైనా, మన విశాఖ రుషికొండ దగ్గరైనా సరదాగా చేసే డైవ్‌లకి రెండు సిలిండర్లు అవసరం లేదు. పైకి నేరుగా వెళ్ళే దారి ఉంది, పక్కన బడ్డీ ఉంటాడు. ఆ డబ్బుతో సొంత రెగ్యులేటర్ కొనుక్కుని ఏటా సర్వీస్ చేయించుకోండి, అది ఎక్కువ పనికొస్తుంది. ఇక్కణ్ణుంచి సిలిండర్లు పట్టుకెళ్దాం అనుకునేవాళ్ళు గ్యాస్ సిలిండర్స్ రూల్స్ 2016 ఒకసారి చదవండి. పెసో అనుమతి లేని సిలిండర్‌ని ఇండియాలోకి దిగుమతి చేసుకోవడం అంత తేలిక కాదు. టెక్ డైవింగ్ అక్కడే మొదలుపెట్టాలనుకుంటే ఈ ఒక్క కారణం చాలు, సైడ్‌మౌంట్ హార్నెస్, రెండు రెగ్యులేటర్లు బ్యాగ్‌లో వేసుకుని వెళ్ళి, సిలిండర్లు డైవ్ సెంటర్ దగ్గరే అద్దెకి తీసుకోవచ్చు. వెళ్ళేముందు వాళ్ళ వాల్వ్‌లు డిన్ రకమా, యోక్ రకమా అని మెసేజ్ పెట్టి కనుక్కోండి. కొన్ని వాల్వ్‌లలో యోక్ కోసం పెట్టిన ఇన్సర్ట్‌ని తీసేస్తే డిన్ అవుతుంది, కొన్నిటిలో అవ్వదు. అడాప్టర్ ఒకటి బ్యాగ్‌లో ఉంటే నయం.

అమెరికాలో కొనేవాళ్ళు సిలిండర్ మీద హైడ్రో టెస్ట్ తేదీ చూసుకోండి, ఐదేళ్ళకోసారి చేయించాలి, లోపలి తనిఖీ ఏటా. రెండు సిలిండర్లవీ ఒకే నెలలో పడేలా చూసుకుంటే మంచిది. నావి ఏడు నెలల తేడాతో ఉన్నాయి, అందుకని రెండుసార్లు బ్యాండ్లు విప్పడం, రెండుసార్లు బిగించడం, విప్పిన ప్రతిసారీ ఆ అంగుళం మళ్ళీ కొలుచుకోవడం. ఈసారి రెండిటికీ కలిపి మార్చిలోనే చేయించేస్తున్నా.